ఊరు మారిన జట్టు



చరిత్ర యనగా రాజుల దండయాత్రలు, దానశాసనములు మాత్రమే యని నేనును చిరకాలము తలంచియుంటిని. ముప్పదియైదేండ్లు బడిలో పాఠములు చెప్పి విశ్రమించిన పిమ్మటనే, సామాన్యులు ఒక చోటు విడిచి మరియొక చోటికి పోవుటయు చరిత్రయే యని నాకు బోధపడినది. ఈ సాయంకాలము నేను చెప్పబోవు కథ అట్టిదే. అమెరికా దేశమున స్త్రీలు జీవనోపాధిగా ఆడెడి యొక బంతియాట కలదు. అందు ఆడువారును, ఆట నేర్పు గురువులును, తుదకు జట్లును ఊరినుండి యూరికి మారుచున్న తీరును మనవి చేసెదను. 'ఇది మాకెందులకు?' అని మీరడుగవచ్చును. కొంచెము ఓపిక పట్టుడు. బదిలీ యన నేమో, పుట్టినయిల్లు విడిచి పోవుట యన నేమో మన గ్రామవాసులకు వేరొకరు నేర్పవలసిన పని లేదు.

2024వ సంవత్సరము జూన్ మాసమున నేను మా పెద్దమ్మాయి యింట డాలస్ నగర ప్రాంతమున నుంటిని. ఆ పరిసరములలో తెలుగువారు వేలకొలదిగా కాపురములుండుట మీరు వినియే యుందురు. ఒకనాటి రాత్రి మా మనుమరాలు నన్ను ఆర్లింగ్టన్ అను ప్రక్క యూరికి ఆట చూపుటకు తీసికొనిపోయినది. దానికి పదకొండేండ్లు. అది తొడిగిన చొక్కా వీపున 'సబాలీ' అని వ్రాసియుండెను. అది ఎవరి పేరని యడుగగా, "సటూ సబాలీ, తాతయ్యా! మా జట్టులో అందరికన్నా గొప్ప. ఈ యేడు దెబ్బ తగిలి ఆడటం లేదు. వచ్చే యేడు ఇక్కడ ఉంటుందో ఉండదో!" అని చెప్పినది. ఆ రాత్రి డాలస్ జట్టు ఓడినది. ప్రక్కన నిలిచి ఆడువారికి సైగలు చేయుచున్న శిక్షకురాలిని కూడ చూచితిని. ఆమె పేరు లట్రిషా ట్రామెల్.

నేను స్వగ్రామము చేరిన కొన్ని నెలలకే, ఆ యక్టోబరులో, ట్రామెల్‌ను పదవినుండి తొలగించిరి. 2025 ఆరంభమున సబాలీ ఫీనిక్స్ నగరపు జట్టునకు పోయినది. అప్పుడు మా మనుమరాలు ఫోనులో, "తాతయ్యా, ఆమె వెళ్ళిపోయింది. ఇప్పుడీ చొక్కా నేనేం చెయ్యను?" అని యడిగినది. ఎన్నియో శంకలకు సమాధానములు చెప్పిన నాకు ఆ చిన్న శంకకు వెంటనే మాట తోచలేదు. ఆ జట్టు పూర్వచరిత్రను విచారింప నారంభించితిని.

ముందుగా ఆట సంగతి. దీనిని బాస్కెట్‌బాల్ అందురు. పక్షమునకు అయిదుగురు చొప్పున ఆడుదురు. 10 అడుగుల యెత్తున నున్న ఇనుప వలయములోనికి బంతిని వేయవలెను. 1891లో మసాచుసెట్స్ రాష్ట్రమున స్ప్రింగ్‌ఫీల్డ్ అను నూర, జేమ్స్ నైస్మిత్ అను వ్యాయామోపాధ్యాయుడు పండ్లు పెట్టు బుట్టలు రెండు ఎత్తున కొట్టించి దీనిని కల్పించెను. బుట్ట పేరే ఆటకు నిలిచినది. మరుసటి సంవత్సరమే స్మిత్ కళాశాలలో సెండా బెరెన్సన్ అను ఉపాధ్యాయిని దీనిని బాలికలకు నేర్పినది. ఈ విధముగా ఆట పుట్టిన యేడాదిలోపుననే స్త్రీల చేతికి వచ్చినను, దానివలన జీవనము గడపగల కాలము వచ్చుటకు నూరేండ్లు పట్టినది. ప్రభుత్వ ధనము పొందు విద్యాలయములలో స్త్రీపురుష భేదము చూపరాదని 1972లో అమెరికాలో శాసనము చేసిరి. అప్పటినుండి బాలికల జట్లు వృద్ధిపొందినవి. 1978లో స్త్రీల జీతపు జట్ల లీగు ఒకటి పుట్టి, 1981లోనే గిట్టినది. 1996లో అట్లాంటా ఒలింపిక్ క్రీడలయందు అమెరికా స్త్రీలు స్వర్ణపతకము గెలువగా, ఆ యుత్సాహమున రెండు లీగులు వెలసినవి. అందొకటి 1998 డిసెంబరులో మూతపడినది. రెండవది 1997 జూన్ 21న 8 జట్లతో ఆట మొదలుపెట్టి నిలిచినది. దానినే డబ్ల్యూ.ఎన్.బి.ఎ. అందురు. నా కథ యంతయు దీనిని గూర్చియే.

ఈ లీగులో ఒక బాలిక ఏ యూర ఆడవలెననునది ఎట్లు నిర్ణయమగునో తెలిసినగాని తక్కిన కథ బోధపడదు. కళాశాలలో పేరుపొందిన బాలికలను జట్లు వరుసగా ఎన్నుకొనును. వెనుకబడిన జట్లకు ముందు ఎన్నుకొను నవకాశము దొరకును. దీనిని డ్రాఫ్టు అందురు. మన పురాణములలోని స్వయంవరమున వరమాల కన్య చేతిలో నుండును. ఇచ్చట మాల జట్టు చేతిలో నుండును. పిమ్మట ఒక జట్టు తన క్రీడాకారిణిని ఇంకొక జట్టునకిచ్చి, బదులుగా వేరొకతెను తెచ్చుకొనవచ్చును. దీనికి సామాన్యముగా ఆమె సమ్మతి అక్కరలేదు. జట్టే మూతపడెనా, అందలి వారిని మిగిలిన జట్లు పంచుకొనును. ఉమ్మడి కుటుంబము విడిపోయినప్పుడు పాడిపశువులను పంచుకొనునట్లే యనిపించినది నాకు.

ఇక మా మనుమరాలి జట్టు పూర్వకథ. అది డాలస్‌లో పుట్టినది కాదు. 1998లో మోటారుబండ్ల కర్మాగారములకు పేరుపొందిన డెట్రాయిట్ నగరమున, 'షాక్' అను పేర పుట్టినది. మొదటి శిక్షకురాలు నాన్సీ లీబర్మన్. ఆమె స్వయముగా గొప్ప క్రీడాకారిణి. మూడేండ్లు నడపినది. తరువాత గ్రెగ్ విలియమ్స్ వచ్చెను. 2002లో ఆ జట్టు తొలి పది యాటలును వరుసగా ఓడినది. యజమానులు అతనిని తీసివేసి, బిల్ లేంబీర్‌ను నియమించిరి. ఇతడు 1989, 1990 సంవత్సరములలో డెట్రాయిట్ పురుషుల జట్టు విజేతగా నిలిచినప్పుడు అందాడినవాడు, మొండిపట్టుకు పేరుమోసినవాడు. ఆ యేడు జట్టు 9 ఆటలు గెలిచి 23 ఓడి, అట్టడుగున నిలిచినది. మరుసటి యేడు 25 గెలిచి, 9 మాత్రమే ఓడి, అంతకుముందు రెండేండ్లు విజేతయైన లాస్ ఏంజెలిస్ జట్టును తుదిపోరున జయించినది. ఆ కడపటి యాట చూచుటకు 22,076 మంది వచ్చిరి.

ఒక్క యేడాదిలో ఇంత మార్పు ఎట్లు కలిగెను? శిక్షకుని పట్టుదల యొక కారణము. కాని మరియొక కారణము కలదు. ఆ శీతకాలమున మయామీ నగరపు జట్టు మూతపడినది. అందలి రూత్ రైలీ అను పొడగరి డెట్రాయిట్ పాలికి వచ్చినది. 2003 తుదిపోరున శ్రేష్ఠురాలిగా బహుమానము పొందినది ఆమెయే. డెట్రాయిట్ పండుగనాడు మయామీలో దీపమారియుండెనని మరువరాదు. ఒక యూరి నష్టమే మరియొక యూరి భాగ్యమగుట ఈ చరిత్రయందు మాటిమాటికి కనబడును.

డెట్రాయిట్ జట్టులో ఇంకొకతె కలదు. పేరు కేటీ స్మిత్. ఆమె ప్రయాణములను వరుసగా చెప్పినచో లీగు చరిత్ర సగము చెప్పినట్లే. మొదట 1996లో కొలంబస్ నగరమున, మూతపడిన ఆ లీగులో ఆడినది. పూర్తిగా సాగిన రెండేండ్లును ఆమె జట్టే విజేత. విజేతయైననేమి? లీగే పోయినది. 1999లో మిన్నెసోటా చేరి ఆరేండ్లు ఆడినది. 2005లో నడియాటకాలమున ఆమెను డెట్రాయిట్‌కు మార్చిరి. అచ్చట 2006, 2008 సంవత్సరములలో జట్టు మరల విజేత కాగా, 2008 తుదిపోరున ఆమెయే శ్రేష్ఠురాలు. ఆరేండ్ల లోపల మూడు కిరీటములు పొందిన ఆ జట్టునకు చిరాయువు కలదని ఎవ్వరైనను తలంతురు.

కాని 2009 వచ్చినది. ఆ మార్చిలో జట్టు యజమాని బిల్ డేవిడ్సన్ మరణించెను. ఆ జూన్‌లో లేంబీర్ రాజీనామా ఇచ్చెను. ఆ జూన్‌లోనే నగరమునకు ప్రాణమువంటి జనరల్ మోటార్సు సంస్థ దివాలా దరఖాస్తు పెట్టినది. అక్టోబరులో జట్టును ఓక్లహోమా రాష్ట్రములోని టల్సాకు తరలింతుమని ప్రకటించిరి. డెట్రాయిట్‌కు సమీపముననున్న ఫ్లింట్ అను నూర పుట్టి పెరిగిన డియానా నోలన్ ఆ జట్టునకు ఇంటి యాడపడుచు వంటిది. 2001నుండి అచ్చటనే ఆడి, 2006 తుదిపోరున శ్రేష్ఠురాలైనది. ఆమె టల్సాకు పోలేదు. రష్యా దేశపు జట్టులో ఆడుచుండెడిది, అచ్చటనే నిలిచినది. మరల ఈ లీగున అడుగిడలేదు. కేటీ స్మిత్ కూడ టల్సాకు పోక, వాషింగ్టన్ జట్టులో చేరినది. ఊరు మారినది బల్లలు, బంతులు, పేరు మాత్రమే. జట్టు ప్రాణము దారిలోనే జారిపోయినది.

టల్సాలో శిక్షకుడు నోలన్ రిచర్డ్‌సన్. 1994లో ఆర్కన్సా విశ్వవిద్యాలయపు పురుషుల జట్టును దేశవిజేతగా చేసిన పెద్ద గురువు. అట్టివాడు నడపినను జట్టు 2010లో 6 గెలిచి 28 ఓడినది. మరుసటి యేడు తొలి 11 ఆటలలో ఒక్కటే గెలువగా, అతడు నడుమనే తప్పుకొనెను. ఆ యేడు మొత్తము 3 గెలుపులు, 31 ఓటములు. ఎంత గొప్ప సేద్యగాడైనను విత్తులు లేనిదే పైరు పండింపలేడు కదా! టల్సా ప్రజలు ఆ యోటములన్నియు ఓర్చుకొని కూర్చుండిరి. 2015లో జట్టు 18 గెలిచి 16 ఓడి, ఆ యూర తొలిసారి పైపోటీలకు అర్హత పొందినది. పంట చేతికి వచ్చినదనుకొనిన ఆ యేడే యజమానులు జట్టును డాలస్‌కు తరలించుచున్నామని ప్రకటించిరి. దున్నినవారొకరు, కుప్పనూర్చినవారొకరు. ప్లెనెట్ పియర్సన్ అను నామె డెట్రాయిట్‌లోను, టల్సాలోను, డాలస్‌లోను ఈ జట్టు తరఫున ఆడినది. మూడూళ్ళ నీరు త్రాగిన అట్టి వారి నోటనే ఈ చరిత్ర వినవలెను.

ఇంతవరకు చెప్పినది ఊళ్ళ కథ, యజమానుల కథ. ఇక ఆడువారి పక్షము వినుడు. 2003 ఏప్రిలులో క్రీడాకారిణుల సంఘమునకును లీగునకును ఒక ఒడంబడిక కుదిరినది. ఇన్ని యేండ్లు సేవ చేసి ఒప్పందము ముగిసిన క్రీడాకారిణి తనకిష్టమైన జట్టుతో బేరమాడుకొనవచ్చునను హక్కు అందు మొదటిసారి లభించినది. మాల కొంచెము కొంచెముగా కన్య చేతికి వచ్చుట అప్పుడే మొదలు. అయినను జట్లు తమ ముఖ్యురాలిని బిగబట్టుటకు నిబంధనలు నిలిచియే యుండెను. మార్పిడులును సాగుచునే యుండెను. డెట్రాయిట్‌లో రెండు కిరీటములలో పాలుపంచుకొనిన స్విన్ క్యాష్‌ను 2008లో సియాటిల్‌కు ఇచ్చి, బదులుగా ఆ యేటి డ్రాఫ్టులో నాలుగవ యెంపికను తెచ్చుకొనిరి. అనగా ఒక సంపూర్ణ క్రీడాకారిణికి బదులు, ఇంకను పేరైనను తెలియని బాలికను కోరుకొను నవకాశము! 2010లో సియాటిల్ విజేతయైనప్పుడు క్యాష్ ఆ జట్టున నుండెను.

అన్నిటికంటె నా మనస్సు కలచినది స్కైలర్ డిగ్గిన్స్-స్మిత్ కథ. 2013లో టల్సా ఆమెను ఎన్నుకొనినది. జట్టుతోకూడ డాలస్‌కు వచ్చినది. 2018లో ఆట ఋతువంతయు గర్భవతిగా నుండియు, ఎవ్వరికిని తెలియనీక ఆడినది. 2019లో బిడ్డతల్లియై ఆ యేడు ఆడలేదు. ఆ అక్టోబరులో ఈ సంగతిని తానే బహిరంగముగా చెప్పి, ప్రసవానంతరము తనకు తగిన సాయము దొరకలేదని వెల్లడించినది. అప్పటి నిబంధన ప్రకారము ప్రసవమైన క్రీడాకారిణికి సగము జీతమే. 2020 జనవరిలో కుదిరిన క్రొత్త యొడంబడిక ప్రసూతికాలమున పూర్తి జీతమిచ్చినది. గరిష్ఠ వేతనము ఏడాదికి సుమారు 1,17,500 డాలర్లనుండి 2,15,000 డాలర్లకు పెరిగినది. ముఖ్యురాలిని బిగబట్టు నిబంధనయు సడలినది. ఆ ఫిబ్రవరిలోనే డిగ్గిన్స్-స్మిత్ ఫీనిక్స్‌కు పోయినది.

ఆ యొడంబడిక పిమ్మట దారులు తెరచుకొనినవి. లాస్ ఏంజెలిస్‌లో 13 యేండ్లుండిన క్యాండిస్ పార్కర్ 2021లో తన ప్రాంతమైన షికాగోకు పోయి, ఆ యేడే ఆ జట్టునకు మొదటి కిరీటము తెచ్చినది. బ్రియానా స్టీవర్ట్ 2023లో సియాటిల్ విడిచి న్యూయార్క్ చేరగా, 1997నుండి తుదిపోరులలో ఓడుచు వచ్చిన ఆ జట్టు 2024లో మొదటిసారి గెలిచినది. 2024నాటి కనెక్టికట్ జట్టున ఆటకు ముందుగా దిగు అయిదుగురును మరుసటి యేటికి ఆ జట్టును విడిచి ఇతర జట్లలో తేలిరి. మా మనుమరాలి సబాలీయు ఈ ప్రవాహములోనిదే. తానిక డాలస్‌లో ఆడనని ముందుగనే చెప్పి, కోరి పోయినది. 2025లో ఫీనిక్స్ తుదిపోరు వరకు వచ్చినది.

ఇక గురువుల సంగతి. ఇచ్చట నాకు భారతయుద్ధము జ్ఞప్తికి వచ్చుచున్నది. కౌరవసేనకు భీష్ముడు పదినాళ్ళు, ద్రోణుడు అయిదునాళ్ళు, కర్ణుడు రెండునాళ్ళు, శల్యుడు అరదినము నాయకులైరి. పాండవసేనకు ధృష్టద్యుమ్నుడొక్కడే మొదటినుండి తుదివరకు. కౌరవనాయకులు తక్కువవారా? కాదు. ఒక్కొక్కడు ఒక్కొక్క పర్వతము. కాని నాయకుడు మారిన ప్రతిసారియు సేన క్రొత్తగా నడక నేర్చుకొనవలసి వచ్చెను.

డాలస్ పట్టిక చదివెదను. 2018 ఆగస్టులో ఫ్రెడ్ విలియమ్స్‌ను ఋతువు ముగియకయే తొలగించిరి. 2019, 2020 సంవత్సరములకు బ్రయన్ ఆగ్లర్. 2021, 2022లకు విక్కీ జాన్సన్. తరువాత ట్రామెల్, ఆమె తొలి యేడు 22 గెలిచి 18 ఓడి, జట్టును సెమీఫైనలు వరకు తెచ్చినది. మలియేడు సబాలీ మొదలగువారు గాయపడగా 9 గెలిచి 31 ఓడి, పదవి కోల్పోయినది. 2025లో క్రిస్ కొక్లేనస్. 10 గెలుపులు, 34 ఓటములు. ఒక్క యేడాదికే ఉద్వాసన. ఆ యక్టోబరులో హోసే ఫెర్నాండెజ్‌ను తెచ్చిరి. ఇది డాలస్‌కే పరిమితమైన జాడ్యము కాదు. 2024 ఋతువు ముగిసిన కొన్ని వారములలో 12 జట్లలో ఏడింటికి శిక్షకులు మారిరి. ఆ యేడే లీగు 11 యేండ్లకు సుమారు 220 కోట్ల డాలర్ల టెలివిజన్ ఒప్పందము చేసికొనినది. ధనము పెరిగినకొలది యజమానుల ఓపిక తరుగుట మనమెరుగని వింత కాదు. 2024లో న్యూయార్క్‌ను గెలిపించిన శాండీ బ్రాండెల్లోకు సైతము మరుసటి యేడు ఒప్పందము పొడిగింపలేదు. కిరీటము కూడ కవచము కాలేదు.

ఓపిక పట్టినచోట ఏమి జరిగినది? డెట్రాయిట్‌లో లేంబీర్ క్రింద సహాయకురాలుగా పనిచేసిన షెరిల్ రీవ్‌ను, ఆ జట్టు చెదరిన శీతకాలమున, మిన్నెసోటావారు శిక్షకురాలుగా పిలిచిరి. 2010లో, తొలి యేడు, ఆమె జట్టు 13 గెలిచి 21 ఓడినది. ఈనాటి లెక్కలో అది ఉద్వాసనకు చాలును. వారు తీయలేదు. 2011, 2013, 2015, 2017 సంవత్సరములలో నాలుగు కిరీటములు వచ్చినవి. 2025 వరకు 16 ఋతువులు ఆమెయే నడపినది. అనేక జట్లు తిరిగిన కేటీ స్మిత్, న్యూయార్క్‌లో శిక్షకురాలుగాను పనిచేసి, 2020లో రీవ్‌కు సహాయకురాలుగా మిన్నెసోటాకే తిరిగి చేరినది. లేంబీర్ తరువాత న్యూయార్క్‌లోను, పిదప లాస్ వేగాస్‌లోను జట్లను తీర్చెను. ఆ లాస్ వేగాస్ జట్టును 2022లో అందుకొనిన బెకీ హామన్, 2022, 2023, 2025లలో విజయము సాధించినది. హామన్ వద్ద సహాయకురాలైన నటలీ నకాసే 2025లో క్రొత్తగా పుట్టిన గోల్డెన్ స్టేట్ జట్టును నడపి, ఆ యేటి ఉత్తమ శిక్షకురాలుగా గౌరవము పొందినది. డెట్రాయిట్ జట్టు చెదరినను, అందలి విద్య గురుశిష్య పరంపరగా దేశమంతట మొలకెత్తినదన్నమాట. ఆ పరంపరలోనిది కాకున్నను మనకు సంతోషము కూర్చు సంగతి మరియొకటి. భారతీయ సంతతికి చెందిన సోనియా రామన్‌ను సియాటిల్ జట్టు 2025 అక్టోబరులో ప్రధాన శిక్షకురాలుగా నియమించినది. ఈ లీగున భారత సంతతివారికి ఆ పదవి దక్కుట అదే మొదలు.

అట్లని మార్పే కూడదని నేననను. 2002లో పది యోటముల పిమ్మట డెట్రాయిట్‌వారు శిక్షకుని మార్చకయున్నచో మూడు కిరీటములు లేవు. పార్కర్ కదలకున్నచో షికాగోకు పండుగ లేదు. నీరు నిలిచినను చెడును, గట్టు తెగినను చెడును. మరి మంచి మార్పునకును చెడ్డ మార్పునకును భేదమేమి? దీనిని నేను పుస్తకములలో వెదకుచుండగా, నా జీవితములోని యొక సంగతి ఎదుట నిలిచినది. చెప్పుటకు సిగ్గగుచున్నను చెప్పెదను.

నా యుద్యోగకాలమున నన్ను ఆరుసార్లు బదిలీ చేసిరి. ప్రతిసారియు ఒక కాగితము వచ్చెడిది. 'నన్నొక్కమాట యడిగిరా?' అని ప్రతిసారియు కుమిలితిని, అర్జీలు వ్రాసితిని. ఇట్టి నేను, ఒక యున్నత పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడనుగా నున్నప్పుడు, తొమ్మిదవ తరగతి బాలిక యొకతెను ఆమె తండ్రి వెంటబెట్టుకొని వచ్చెను. ఖోఖో ఆటలో ఆమెను మించినవారు ఆ మండలమున లేకుండిరి. జిల్లా పోటీలకు ఎంపికైన వారమే అది. తండ్రి టీ.సీ. కోరెను. ఊరు మార్చుచున్నామనెను. నేను కలము తీసి, కారణము వ్రాయవలసిన చోట 'తండ్రి కోరిక' అని వ్రాసి, సంతకము చేసి ఇచ్చితిని. ఆ బాలిక గుమ్మమువద్ద నిలిచియుండెను. నావైపు చూచినది. నేను ఆమెను ఒక్కమాటయు అడుగలేదు. 'అమ్మా, నీకేమి ఇష్టము?' అనుటకు ఎంత సేపు పట్టును? ఆమె తరువాత ఏ బడిలో చేరినదో, ఆడినదో మానినదో నాకు తెలియదు. పోటీకి వేరొక బాలికను పంపితిమి. కాగితము సరిగానే యున్నది. పని మాత్రము తప్పు.

పోవుట తప్పు గాదు, పంపుటయు తప్పు గాదు. పోవువారిని అడుగకుండుట తప్పు. ఈ లీగు చరిత్రలో నాకు కనబడిన సారమిదియే. 1997నుండి 2025 వరకు స్త్రీలు గెలిచిన కిరీటములకంటె, 'నేనెక్కడ ఆడవలెనో నన్నడుగుడు' అని సంఘముగా నిలిచి గెలిచిన మాట పెద్దది. దానికి వెల లేకపోలేదు. అభిమానించిన యూళ్ళు చిన్నబోయినవి. చిన్నపిల్లల చొక్కాలు పాతబడినవి. అయినను ఒకరు తమ యిష్టమున పోయినప్పటి దుఃఖమునకును, ఒకరిని సామానువలె ఎత్తి తరలించినప్పటి దుఃఖమునకును భేదము కలదు. మొదటిదానిని ఓర్చుకొనవచ్చును. టల్సావారు అనుభవించినది రెండవది, వారినెవ్వరును అడుగలేదు.

ఒక శుభవార్త చెప్పి ముగించెదను. 2025 జూన్‌లో లీగువారు క్రొత్త జట్లు నెలకొల్పు నగరముల పేర్లు ప్రకటించిరి. అందు డెట్రాయిట్ కలదు. 2029లో అచ్చట ఆట మరల మొదలిడవలెనని నిర్ణయము. 2003లో ఆ 22,076 మంది నడుమ తండ్రి భుజముపై కూర్చుండి చూచిన పిల్లలు అప్పటికి తమ పిల్లలను వెంటబెట్టుకొని పోవు వయస్సువారగుదురు.

మా మనుమరాలికి నేను చెప్పిన సమాధానము ఇది: "అమ్మా, ఆ చొక్కాను పారవేయకుము. మడత పెట్టి దాచుకొనుము. ఆమె నీ జట్టును మోసగింపలేదు. తన యూరు తాను కోరుకొనినది. రేపు నీ వంతు వచ్చినప్పుడు నిన్నును అడుగుదురు గాక!" ఆ మాట దానికి ఎంత తెలిసినదో నాకు తెలియదు. నాకు తెలియుటకే అరువదియేండ్లు దాటినవి.

వినుచున్న పెద్దలారా! మీ యిండ్లలోను బడియీడు బాలికలు కలరు. వారి బడి మార్చునప్పుడు, ఆట మాన్పించునప్పుడు, ఇల్లు మార్చునప్పుడు సంతకము చేయువారు మీరే, నావంటివారే. కలము ఎత్తుటకు ముందు ఒక్కమారు గుమ్మమువైపు చూడుడు. అచ్చట నిలిచిన పిల్లను ఒక్కమాట యడుగుడు.